లేతచెట్లు ఎండిపోవుటకు కారణము కనుగొను విధము

2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణము కడ తీరము దాటిన హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున పలాస ప్రాంతమున తీరము దాటిన తిత్లీ తుపాను ఉత్తరాంధ్రతీరపు తోటలను మిక్కిలి దెబ్బతీసినవి. తిత్లీ గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచి, ఉద్దానమునందలి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో పెద్దలనాటి కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లను పెకలించివైచెను. కూలినచోట రైతులు మరల నాటిరి. అట్లు నాటిన చెట్లలో కొన్ని ఏపుగా నెదుగుచుండగా, కొన్ని రెండవయేటనో మూడవయేటనో గిడసబారి ఎండిపోవుట కలదు. విజయనగరము జిల్లా ఎర్రనేలల మామిడితోటలందును, గట్లమీదను దారిప్రక్కలను నీడకై పెట్టిన వేప, కానుగ, నేరేడు మొక్కలందును ఇదియే చూపట్టును.

మూడవయేట చచ్చిన కొబ్బరిమొక్కతో రైతు కోల్పోవునది మొక్క వెల గాదు, మూడేండ్ల కాలము. నాటుకొబ్బరి కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. చచ్చినదానిని పీకి, కారణము నరయక అదే గోతిలో మరియొకటి నాటినచో, కారణము నేలలోనే యున్నయెడల రెండవదియు అదే దారి పట్టును. కావున ఎండిన మొక్కను పారవేయుటకు ముందు దానిని పరిశీలించుట అవసరము. ఇందులకు కావలసిన పనిముట్లు ఒక గునపము, ఒక పార, పదునైన చాకు మాత్రమే.

మొట్టమొదట గమనింపవలసినది యొకటి కలదు. చెట్టు ఎండిన దినము వేరు, దెబ్బ తగిలిన దినము వేరు. ఆశ్వయుజ కార్తికములలోని వానలకు పల్లపుచేనిలో నీరు పదిదినములు నిలిచి వేళ్లు కుళ్లును; కాని అప్పటి చల్లదనమున ఆకునకు నీటియవసరము తక్కువ కాబట్టి మిగిలిన కొద్ది వేళ్లతోనే చెట్టు పచ్చగా కానవచ్చును. ఫాల్గుణమున ఎండ ముదిరినపుడు ఆ కొద్ది వేళ్లు చాలక చెట్టు వాడిపోవును. రైతు ఎండను నిందించి నీరు పోయును. నిజముగా ఆ చెట్టు నాలుగైదు మాసములకు ముందే చావునకు సిద్ధమైనది. అందుచేత ఏ చెట్టు విషయముననైనను నిన్నటి సంగతి యడుగుటతో సరిపెట్టక, గడచిన రెండు ఋతువులలో ఆ చేనికి జరిగినదంతయు జ్ఞప్తికి దెచ్చుకొనవలెను: ఎన్నడు నాటినది, ఎక్కడి మొక్క, నీరు నిలిచెనా, ఎరువేమి వేసిరి, ప్రక్కచేనిలో కలుపుమందు చల్లిరా, గట్టుమీద మంట పెట్టిరా అని.

పిమ్మట చెట్టుకడకు పోక దూరముగా నిలిచి చేనంతయు చూడవలెను. వేరువేరు జాతుల చెట్లు ఒకేచోట గుంపుగా ఎండుచుండినచో అది పురుగు గాని తెగులు గాని కాకపోవుటయే తరచు. మామిడిని తినుపురుగు కానుగను సాధారణముగా ముట్టదు. అట్టిచోట నేల, నీరు, ఉప్పు, మంట, మందు అనువానిలో నొకటి కారణమై యుండును. ఒక్క జాతి మాత్రమే అక్కడొకటి ఇక్కడొకటిగా చెడుచుండినచో పురుగును, తెగులును అనుమానింపవలెను. గట్టువెంబడి ఒక వరుసయే చెడినచో ప్రక్కచేనివైపు చూడవలెను. సముద్రమువైపు ఆకులు మాత్రమే మాడి, వెనుకవైపు పచ్చగా నుండినచో అది ఉప్పుగాలి పని. దానికి మందు లేదు, సరుగుడువంటి అడ్డువరుసయే శరణ్యము.

అటుపై ఆకు. ముదురాకులు సమముగా పసుపుబారి, కొత్తాకులు పచ్చగా నుండినచో ఆహారము, అందును ముఖ్యముగా నత్రజని చాలలేదు. కొత్తాకులు పాలిపోయి ఈనెలు మాత్రము పచ్చగా నుండినచో ఇనుము అందుటలేదు. సున్నపునేలలోను, నీరు నిలుచు నేలలోను ఇట్లగును. అంచులు కాలినట్లు గోధుమవన్నె దేరినచో వేరు నీటిని పైకి పంపలేకున్నదనియో, నీటిలో ఉప్పున్నదనియో గ్రహింపవలెను. ఆకులు రాలుచున్న కొమ్మనుగూర్చి అంతగా భయపడ నక్కరలేదు. ఆకును రాల్చుట బ్రతికియున్న కొమ్మ చేయు పని. ఆకులు రాలక ఎండి కొమ్మకే వ్రేలాడుచుండినచో ఆ కొమ్మ అకస్మాత్తుగా చచ్చినదని యర్థము. అపుడు కాండమును తొలుచు పురుగునో, వేరుకుళ్లునో వెదకవలెను.

చెట్టు బ్రతికియున్నదా యని తేల్చుకొనుటకు చాకుతో బెరడును గోటియంత మేర పలుచగా గీకి చూడవలెను. లోపల పచ్చగా తడిగా నుండినచో ప్రాణమున్నది. గోధుమవన్నెతో పొడిగా నుండినచో లేదు. కొమ్మచివర మొదలుకొని క్రిందికి ఒక్కొక్క జానకు గీకుచు వచ్చి, పచ్చదనము ఎచట మొదలగునో గుర్తింపవలెను. అంటుమొక్కలో అంటు పైభాగమున పచ్చదనము లేక క్రింద మాత్రమే యున్నచో చిగిర్చునది నాటుమొక్కయే గాని కోరిన రకము గాదు. దానిని పెంచి ఎనిమిదేండ్లకు పుల్లని పీచుకాయలు చూచి విచారించుటకంటె ఇపుడే తీసివేయుట మేలు. కొబ్బరి, తాడి, పోక చెట్లకు ఈ గీకుడు పరీక్ష పనికిరాదు. వానికి బెరడుక్రింద పెరుగు పొర యుండదు. ప్రాణమంతయు మొవ్వులోనే యుండును.

ఇంతవరకు నేలపైని పని. కారణము లనేకములు నేలక్రింద నుండును గాని, పార పట్టుటకు రైతు సందేహించును. చెట్టు ఎట్లును పోవుచున్నది, త్రవ్వుటవలన పోవునది లేదు.

త్రవ్వుటకు ముందు మొక్క మొదలు పట్టుకొని మెల్లగా కదల్చి చూడవలెను. మొక్కతోపాటు చుట్టు నేలయు కదలినచో వేళ్లు పట్టుగా నున్నవి. నేల కదలక, మొదలు మాత్రము గుంజ గోతిలో ఆడినట్లాడుచుండినచో వేళ్లు వ్యాపింపలేదు, లేదా గాలికి తెగిపోయినవి. తుపాను వెడలిన పిమ్మట నిలిచియున్న లేతచెట్లన్నిటిని ఇట్లు పరీక్షించుట మంచిది. గాలికి ఊగినపుడు మొదలుచుట్టు గరాటువంటి రంధ్ర మేర్పడి, అందులో వాననీరు నిలిచి బెరడు కుళ్లును. ఆ రంధ్రమును మట్టితో పూడ్చి త్రొక్కి, ఊతకఱ్ఱలు పాతినచో చెట్టు నిలద్రొక్కుకొనును. ఊతకు కట్టిన త్రాడు వదులుగా నుండవలెను. నైలాను త్రాడుతో బిగించి మరచిపోయినచో రెండేండ్లలో అది బెరడులోనికి దిగి, ఉరి వేసినట్లు చెట్టును చంపును. అంటుకు చుట్టిన ప్లాస్టిక్ పట్టీయు నంతే. మొక్క మొదట నొకచోట నొక్కుపడి దానిపైభాగము ఉబ్బియున్నచో మరియొక కారణము వెదుకకమునుపే త్రాటికై చూడవలెను.

మొదటివద్ద మట్టి తొలగించి, వేళ్లు కాండమునుండి విడివడు చోటు ఎంత లోతున నున్నదో చూడవలెను. అది నేలమట్టమునకే యుండుట సరి. బెత్తెడు లోతున కప్పబడియున్నచో బెరడునకు గాలి యాడక కుళ్లును. మామిడి, జీడిమామిడి అంట్లలో అంటుకట్టిన చోటు తప్పక నేలకు పైన నుండవలెను. గోతిని పచ్చిగెత్తముతో నింపి వెంటనే నాటినచో, అది చివికి క్రుంగి మొక్కయు దానితో దిగిపోవును. నాటినపుడు సరిగానే నాటినను ఏడాదికి లోతుపడుట కిదియే హేతువు. గోతిని ముందుగా నింపి ఒక వానకు తడిసి అణగనిచ్చి నాటు పాతయలవాటునకు ఈ ప్రయోజనము కలదు.

పిమ్మట వేళ్లు. ఎండిన మొక్కను పెకలించినపుడు వేళ్లముద్ద సంచి ఆకారముననే యుండి, వేళ్లు సంచి యడుగున చుట్టలు చుట్టుకొనియున్నచో, ఆ మొక్క నర్సరీలో సంచియందు ముదిరిపోయినదని తెలియవలెను. అట్టి మొక్క మొదటి వానకాలమున చిగిర్చును, పైరగాలికి నిలువదు, వేసవిలో ఎండును. జీడిమామిడి తల్లివేరు మిక్కిలి సున్నితమైనది. సంచిలో వంగినదానిని నాటినచో ఆ వంపు జన్మాంతము పోదు. మొక్క కొనునపుడు ఎత్తునుబట్టి వెల కట్టుట రైతుల యలవాటు. ఎత్తైన ముదురుమొక్కకంటె సంచికి తగిన పొట్టిమొక్క మేలు.

మంచివేరు కొన తెల్లగా, విరిచిన టక్కున విరుగును. కుళ్లినవేరు నల్లగా మెత్తగానై, వ్రేళ్లనడుమ లాగిన పైతోలు ఊడివచ్చి లోని నరము దారమువలె మిగులును. నేల నీలిబూడిదవన్నెతో మురుగువాసన వేయుచుండినచో అచట నీరు నిలిచినదనుటకు వేరొక సాక్ష్య మక్కరలేదు. వేళ్లకును గాలి కావలెను. నీటిలో మునిగిన వేరు ఊపిరాడక చచ్చుటచే, చుట్టును నీరుండగనే ఆకు దాహముతో వాడును. ఎండకు వాడిన చెట్టును, నీట మునిగి వాడిన చెట్టును పైకి ఒక్కతీరుగానే యుండును. ఈ పోలికయే అనేకములైన లేతచెట్లను బలిగొన్నది. ఏలయన వాడిన చెట్టునకు నీరు పోయుట ఎవ్వరికైనను తోచుపని. కావున కుండ యెత్తకముందు జానెడు లోతునుండి పిడికెడు మట్టి తీసి పిండి చూడవలెను. ఉండ కట్టి చేతికి తడి యంటినచో నీరు పోయకూడదు, కాలువ త్రవ్వవలెను. పొడిపొడిగా రాలినచో నీరు కావలెను.

బంకనేలలో త్రవ్విన గోతిని గుల్లమట్టితో నింపినపుడు, వాననీరంతయు ఆ గోతిలోనికే దిగి, చుట్టుప్రక్కల బంక వదలనందున కుండలోవలె నిలిచిపోవును. నాటుటకు ముందు గోతిలో నీరు పోసి మరునాడు చూచుట మంచిది. మరునాటికిని నిలిచియున్నచో అచట దిబ్బకట్టి నాటవలెను. ఉద్దానపు ఇసుకనేలలలో కష్టము దీనికి విరుద్ధము: పోసిన నీరు పోసినట్లే దిగిపోవును. అచట గోతియడుగున కొబ్బరిడొక్కలు పరచుట, మొదటి రెండు వేసవులు మట్టలతో నీడ కట్టుట, నాలుగు దినముల కొకసారి మొక్కకు 45 లీటర్లవరకు నీరు పెట్టుట అవసరము. కొత్తగా నాటినయేట నీరు సంచిముద్దపైననే పడవలెను. వేళ్లింకను ఆ ముద్ద దాటలేదు కనుక, చుట్టునేల తడిగా నుండగనే ముద్ద ఎండి మొక్క చచ్చుట కలదు.

చెదలనుగూర్చి రైతులలో ఒక భ్రాంతి యున్నది. ఎండిన మొక్కకు చెదలమట్టి కనబడగనే చెదలే చంపినవని నిర్ణయింతురు. చెదలు ముఖ్యముగా చచ్చినకఱ్ఱకు వచ్చునవి. మట్టిపూత గోకి చూచినచో, దానిక్రింద బెరడు పచ్చగా నున్నయెడల అవి ఎండుపొరను మాత్రమే తినుచున్నవి. బెరడు చుట్టును కఱ్ఱవరకు తినివేసి, పైయాకు నిన్నమొన్నటివరకు పచ్చగా నుండినచో మాత్రమే నేరము వానిది. మెట్టయెర్రనేలలలో వానలు వెనుకబడిన యేట ఇది నిజముగనే జరుగును. గోతిలో చివకని గెత్తము, ఎండుటాకు వేయుట వానిని పిలిచి విందు పెట్టినట్లగును.

కొబ్బరిని వేరుగా చెప్పవలసియున్నది. తుపానునకు కూలిన మానులు తోటలలోనే కుళ్లుచు పడియుండుట లేతకొబ్బరికి పెద్దముప్పు. కొమ్ముపురుగు గుడ్లు పెట్టునది కుళ్లుచున్న కొబ్బరిమానులందును, గెత్తపుదిబ్బలందును. గుడ్డు మొదలు రెక్కలపురుగగువరకు సుమారు ఆరుమాసములు పట్టును. కావున తుపాను గడచిన కొంతకాలమునకు గాని దాని ధాటి తెలియదు. అప్పటికి కొత్తమొక్కలు మొవ్వు వేయుచుండును. విచ్చుకొనిన మట్ట కత్తెరతో కోసినట్లు త్రికోణాకారముగా తెగియుండుట, మట్టల మొదళ్లలో నమలిన పీచు ఉండుట దాని గుర్తులు. పెద్దచెట్టు ఈ దెబ్బకు ఓర్చుకొనును. రెండుమూడేండ్ల మొక్కలో పురుగు మొవ్వు మొదలు కొరికినచో మొక్క మిగులదు. మొవ్వుచుట్టు రంధ్రములను ఇనుపకొక్కెముతో వెదకి పురుగును తీసి చంపవలెను. లేతమొక్క పైమట్టల సందులలో మూడు కలరాయుండలు పెట్టి ఇసుక కప్పి, నెలన్నర కొకసారి మార్చుచుండుట వాడుకలోనున్న ఉపాయము. గెత్తపుదిబ్బలలో మెటరైజియం అను పచ్చబూజు కలుపుటచే పిల్లపురుగులు చచ్చును. 1963లో మలేషియాలో హ్యూగర్ అను శాస్త్రజ్ఞుడు ఈ పురుగునకు వచ్చు వైరస్‌రోగమును కనుగొనెను; ఆ రోగము నంటించి వదలిన పురుగులు తక్కినవానికి దానిని వ్యాపింపజేయును. అయినను ఇవన్నియు తోటలో మానులు కుళ్లనిచ్చి చేయు పనులు కావు. ముందు మానులను చీల్చి తగులబెట్టవలెను, లేదా తోట దాటించవలెను. ఒక్కరైతు చేసి పొరుగువాడు చేయనిచో ఫలము సగమే, పురుగు గట్టెరుగదు.

ఎర్రముక్కుపురుగు మరింత ప్రమాదకరము. అది గాయములవెంట వచ్చును. కొమ్ముపురుగు చేసిన రంధ్రమును, మట్టను పచ్చిగా నరికిన చోటును దానికి వాకిళ్లు. మానుమీద రంధ్రమునుండి గోధుమరంగు జిగురు కారుచు, నమలిన పీచు వెలికి వచ్చుచుండును. చెవి యానించి వినినచో లోపల పురుగులు నమలు చప్పుడు వినవచ్చును. మొవ్వు వాలినపిమ్మట కనుగొనుటవలన చెట్టు దక్కదు. దానిని నరికి చీల్చి కాల్చుట మిగిలిన చెట్లకొరకు చేయవలసిన పని.

మొవ్వుకుళ్లు వానకాలపు తెగులు. నడిమి లేతాకు పాలిపోయి వాలును. పట్టి లాగిన సులువుగా ఊడివచ్చి, మొదట దుర్గంధము కొట్టును. పురుగుదెబ్బకును దీనికిని భేదము ఈ వాసనయు, నమలిన పీచు లేకపోవుటయు. మొవ్వు మొదలు ఇంకను గట్టిగా నున్నచో కుళ్లిన భాగమునంతను మంచిభాగమువరకు కోసివేసి బోర్డోముద్ద పూసి, కొత్తమొవ్వు వచ్చువరకు వాన పడకుండ కప్పవలెను. ముద్దకు 100 గ్రాముల మైలుతుత్తము అరలీటరు నీటిలోను, 100 గ్రాముల కొత్తసున్నము అరలీటరు నీటిలోను వేరువేరుగ కరగించి కలుపవలెను. మట్టిపాత్రయో ప్లాస్టిక్ పాత్రయో వాడవలెను గాని ఇనుపపాత్ర కూడదు. శుభ్రమైన చాకును అందు ముంచి తీసినపుడు ఎర్రని రాగిపూత పట్టినచో సున్నము చాలలేదని గుర్తించి మరికొంత చేర్చవలెను. చుట్టునున్న మంచిచెట్ల మొవ్వులపై నూటికి ఒకపాలు బోర్డోమిశ్రమము చల్లవలెను.

ఆకులపై నల్లని మసి కప్పినచో అది 2016లో మన దేశమున తొలుత కనబడిన సర్పిలాకార తెల్లదోమ విసర్జించు తేనెవంటి జిగటపై పెరిగిన బూజు. చూచుటకు భయంకరముగా నుండును గాని దీనివలన మాత్రమే చెట్టు చావదు. తొందరపడి తీవ్రమైన మందులు చల్లినచో ఆ దోమను తిను చిన్నకందిరీగ చచ్చి, దోమ ఇంకను హెచ్చును.

జీడిమామిడిలో చిగుళ్లు కాలినట్లు నల్లబడి ఎండుట తేయాకుదోమ పని. చిగురు వచ్చు కాలమందే కనబడును, వేరునకు దోషము లేదు. మొదట బెరడునుండి బంక, రంపపుపొట్టు వెలువడుచుండినచో కాండమును వేరును తొలుచు పురుగు లోననున్నది. ఇది ముదిరిన చెట్లనే హెచ్చుగా పట్టును. అట్లు చచ్చినదానిని తోటలో నుంచినచో లేతచెట్లకు దిగును. సరుగుడులో బెరడు పొక్కులుగా లేచి, చిట్లి, లోన నల్లనిపొడి కనబడినచో అది బూజుతెగులు; అట్టి చెట్లను వేళ్లతో తీసివేయవలెను. లేతసరుగుడు ఊరక పసుపుబారి ఎదుగనిచో వేళ్లను త్రవ్వి బుడిపెలు కలవో లేవో చూడవలెను. గాలిలోని నత్రజనిని ఆ బుడిపెలే పట్టియిచ్చును. అవి లేనిచో ముదురుసరుగుడుతోపులోని మట్టిని గంపెడు తెచ్చి మొదట కలిపిన చాలును.

కలుపుమందు చల్లిన చేనిప్రక్క లేతచెట్ల చిగుళ్లు సన్నని గరికపోచలవలె గుత్తులుగా వచ్చుట గ్లైఫోసేటు సోకిన గుర్తు. యూరియాను మొదలంట పోసినచో వారములోపల ఆకంచులు మాడును. అపుడు సమృద్ధిగా నీరు పెట్టి కడిగివేయుటయే మందు. మేకలు బెరడు గీకుట, దున్నునపుడు నాగలి తగులుట, గట్టుమంట సోకుట చెప్పనవసరము లేదు, చూచిన తెలియును.

ఒక తోట నుదాహరణముగా తీసికొందము. బొబ్బిలివైపు మెట్టలో మూడేండ్ల మామిడియంట్లు నూరున్నవి. చైత్రమున పన్నెండు చెట్లు వాడినవి. ఆ పన్నెండును చేని క్రిందివైపునే యున్నవి. ఆ పల్లముననే గట్టుమీది రెండు వేపమొక్కలును పాలిపోయినవి. కావున మామిడి పురుగు కాదు. ఆకులు ఎండియు రాలలేదు. మొదలు గీకగా క్రిందిజాన మాత్రమే పచ్చగా నున్నది. చెదలమట్టి యున్నది గాని దానిక్రింద బెరడు చెడలేదు. త్రవ్వగా పైమట్టి పొడిగా నున్నను, మూరలోతున వేళ్లు నల్లబడి తోలూడినవి. ఆ క్రింద కంకరపొర. ఇపుడు నేల ఎండియున్నను చంపినది కార్తికపు నీరే. ఇచ్చట చెదలమందు కొనుట వ్యర్థము. నీళ్లు మోయుట అంతకంటె వ్యర్థము. వానకుముందు పల్లపువైపు కాలువ తీసి, మరల నాటునపుడు దిబ్బలమీద నాటవలెను.

ఇట్లు చూచియు తేలనిచో ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రమునకో, మండలమునందలి ఉద్యానాధికారికో నమూనా చూపవలెను. పూర్తిగా ఎండిన కొమ్మ వారికి పనికిరాదు. చచ్చుచున్నదియు బ్రతికియున్నదియు కలియు భాగము, తెల్లవేళ్లు నల్లవేళ్లు రెండును కొంచెము మట్టితో, కాగితములో చుట్టి అదేదినము కొనిపోవలెను. ప్లాస్టిక్ సంచిలో తడితో మూసినచో దారిలోనే బూజుపట్టి అసలుతెగులు కానరాదు. ప్రక్కనున్న ఆరోగ్యవంతమైన చెట్టుకొమ్మ నొకటి పోల్చుటకై వెంట నుంచుకొనవలెను. చెట్టు నాటిన నెల, చెడినవి ఎన్ని, చేనిలో నేవైపున అనునవి ఒక చీటిపై వ్రాసి జతచేయవలెను.